బాల్కనీ తీగకి తేనెపిట్ట గూడు: మార్చవచ్చా, మగది ఎందుకు రావడం లేదు?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు పెట్టిన మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. నాకు అర్థమైంది ఇది. విజయవాడ పటమటలో రెండో అంతస్తు, పడమటి బాల్కనీ. బట్టలారేసే తీగకి ఒక చిన్న పిట్ట పది రోజులు కష్టపడి గూడు కట్టింది. రెండు రోజులుగా లోపలే కూర్చుని ముక్కు మాత్రం బయటికి పెడుతోంది. కట్టినన్నాళ్ళూ ఆడపిట్ట ఒక్కటే కనిపించింది. హమ్మింగ్‌బర్డ్ వీడియోల్లో మగది గూటి ముఖం కూడా చూడదని చెప్పారు కాబట్టి, ఇది దిక్కులేని తల్లి అనుకుని మీకు టెన్షన్ పట్టుకుంది. పైగా వచ్చే వారం ఇంటి ఓనరు పెయింటింగ్ పెట్టించుకున్నారు. గూడుని కింద ఉన్న మందార చెట్టుకి మార్చవచ్చా, పంచదార నీళ్ళు పెట్టాలా, ఈ ఎండకి గుడ్లు పాడైపోతాయా అని అడిగారు.

టైం తక్కువగా ఉంది కాబట్టి ముఖ్యమైన జవాబు ముందే చెబుతాను. గూడుని కదపకండి. కింది చెట్టుకే కాదు, అదే తీగ మీద రెండు మూరలు పక్కకి కూడా జరపకండి. పెయింటింగ్ ఆపగలిగితే ఆపండి, లేదా ఆ ఒక్క బాల్కనీ వదిలేసి మిగతా ఇల్లు వేయించుకోమనండి. ఐదు వారాలు చాలు. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను గుంటూరులో పాతికేళ్ళకు పైగా జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా పెరట్లో, కాలేజీ ఆవరణలో, తెలిసినవాళ్ళ వరండాల్లో ఈ పిట్టల గూళ్ళు ఎన్నో చూశాను. మీరు చూస్తున్నది హమ్మింగ్‌బర్డ్ కాదు, తేనెపిట్ట. ఫొటోలో గొంతు బూడిద కలిసిన తెలుపు, రొమ్ము పసుపు, ముక్కు కిందికి వంపు తిరిగి ఉంది. ఇవి పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్ ఆడపిట్ట లక్షణాలు. మన ఊళ్ళలో కనిపించే రెండో రకం పర్పుల్ సన్‌బర్డ్. దాని మగది గూళ్ళు కట్టే కాలంలో నల్లగా ఉండి, ఎండ పడితే నెమలికంఠం రంగులో మెరుస్తుంది. దాని ఆడపిట్టకి గొంతు నుంచి పొట్ట దాకా ఒకటే లేత పసుపు. మీ పిట్ట అది కాదు.

హమ్మింగ్‌బర్డ్‌లు ఇవాళ ప్రపంచంలో ఉత్తర, దక్షిణ అమెరికాల్లోనే ఉన్నాయి. అలాస్కా నుంచి దక్షిణ కొస టియెర్రా డెల్ ఫ్యూగో దాకా 300కి పైగా జాతులు. మన దేశంలో ఒక్కటీ లేదు. ఒకప్పుడు మాత్రం యూరప్‌లో వీటి పూర్వీకులు ఉండేవి. జర్మనీలో దొరికిన, సుమారు 3 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలను 2004లో శాస్త్రవేత్తలు ప్రపంచానికి చూపించారు. చుట్టరికంలో చూస్తే హమ్మింగ్‌బర్డ్‌కి దగ్గరివి స్విఫ్ట్‌లు, అంటే తాటిచెట్ల చుట్టూ రివ్వున తిరిగే పిట్టలు. మన తేనెపిట్ట పిచ్చుకలూ కాకులూ ఉన్న వంశంలోది. రెండూ పూల తేనె మీద ఆధారపడ్డాయి కాబట్టి పొడుగు ముక్కు, సన్నని నాలుక, మెరిసే ఈకలు రెండింటికీ వచ్చాయి. చూడటానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ రక్తసంబంధం లేదు. పిల్లల్ని పెంచే పద్ధతీ వేరే. మీ కంగారు అంతా అక్కడ పుట్టిందే.

మీరు వీడియోల్లో విన్నది హమ్మింగ్‌బర్డ్ విషయంలో నిజమే. జత కట్టడంతో మగదాని పాత్ర అయిపోయినట్టే. గూడు కట్టడం, పొదగడం, మేత పెట్టడం అన్నీ ఆడదానివే. మగది గూటి దగ్గరికి వస్తే అది తరిమికొడుతుంది కూడా. మనకిది అన్యాయంగా అనిపిస్తుంది. కానీ ఆ పిట్ట లెక్క ఆ పిట్టకి ఉంది. పెట్టేది సాధారణంగా రెండే గుడ్లు. రెండు నోళ్ళకి సరిపడా మేత ఒక్క తల్లి తేగలదు. తళతళలాడే మగది గూటి చుట్టూ తిరిగితే శత్రువులకి చోటు చూపించినట్టవుతుంది.

ఆ గూడు పనితనం చూస్తే మాత్రం చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అమెరికా తూర్పు భాగంలో ఉండే రూబీ థ్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ గూడు అక్రోటు చిప్ప సగం ముక్కంత ఉంటుంది. కొమ్మ మీద సాలెగూటి దారం చుట్టి, దాని మీద మొక్కల నూగు పరుస్తుంది. అడుగు భాగం గట్టిపడటానికి కాళ్ళతో తొక్కుతుంది, అంచుని గొంతుతో, రొమ్ముతో నొక్కి గుండ్రం చేస్తుంది. బయట లైకెన్, అంటే చెట్ల బెరడు మీద పాచిలా పట్టే పొర, ముక్కలు అతికిస్తుంది. దూరం నుంచి చూస్తే అది కొమ్మకున్న బుడిపె అనుకుంటాం. గుడ్డు మన చింతగింజంత, బరువు అర గ్రాము. క్యూబాలో ఉండే బీ హమ్మింగ్‌బర్డ్ ప్రపంచంలోకెల్లా చిన్న పక్షి, సుమారు రెండు గ్రాములే తూగుతుంది. దాని గుడ్డు బఠానీ గింజంతే.

సాలెగూటి దారం వాడటంలో పెద్ద రహస్యం ఉంది. అది సాగుతుంది. పిల్లలు పుట్టినప్పుడు గూడు బిగుతుగా ఉండి వెచ్చదనం కాపాడుతుంది. అవి పెరిగేకొద్దీ గూడూ వాటితో పాటు వెడల్పవుతుంది. మూడు వారాల నాటికి చిప్పలా ఉన్నది పళ్ళెంలా పరుచుకుపోతుంది. హెర్మిట్లనే రకం హమ్మింగ్‌బర్డ్‌లు అరటిలాంటి పెద్ద ఆకుల కొన కింద గూడు అంటిస్తాయి, వాన పడితే ఆకే గొడుగు. వెనెజువెలా వైపు ఉండే ఒక హెర్మిట్ అయితే గూడుని ఒకే ఒక్క దారానికి వేలాడదీస్తుంది. అది ఒక పక్కకి ఒరిగిపోకుండా గూటి తోకకి మట్టిబెడ్డలు కట్టి తూకం సరిచేస్తుంది. ఇది చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. కొలబద్ద లేదు, నేర్పిన గురువు లేడు.

రూబీ థ్రోటెడ్ రెండు వారాల పాటు పొదుగుతుంది. పిల్లలు పుట్టాక గూటిలో ఉండేది మరో మూడు వారాలు. తల్లి తన పొడుగు ముక్కుని పిల్ల గొంతులోకి దించి, పొట్టలో ఉన్నదాన్ని పంపు కొట్టినట్టు పోస్తుంది. మొదటిసారి చూసేవాళ్ళు పిల్లని పొడిచేస్తోందనుకుంటారు. ఆ పోసేది వట్టి తేనె కాదు. చిన్న దోమలు, పురుగులు, సాలీళ్ళు అందులో కలిసి ఉంటాయి. తేనె తల్లికి ఎగరడానికి శక్తినిస్తుందే గానీ, దానితో పిల్లకి కండ పట్టదు. మీ పంచదార నీళ్ళ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

అక్కడి వాళ్ళూ మీలాగే కంగారు పడే సందర్భం ఒకటుంది. పిల్లలకి ఈకలు వచ్చి ఒంట్లో వేడి నిలవడం మొదలయ్యాక తల్లి రాత్రిపూట గూటిలో కూర్చోవడం మానేస్తుంది. రెండు పిల్లలతోనే గూడు నిండిపోతుంది, తనకి చోటెక్కడ? చూసేవాళ్ళు తల్లి వదిలేసిందని పిల్లల్ని తీసుకెళ్ళి ఎవరికో అప్పగిస్తారు. నిజానికి ఆ తల్లి పగలంతా వస్తూనే ఉంటుంది, కొన్ని క్షణాల్లో మేత పోసి వెళ్ళిపోతుంది. మనం కాఫీ కలుపుకుని వచ్చేలోపు వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది.

ఇప్పుడు మీ తేనెపిట్ట సంగతి. ఇక్కడా గూడు కట్టేది ఆడదే. మగది వెంట తిరుగుతుంది, వచ్చి చూసి పోతుంది గానీ పుల్ల ముట్టదు. మీకు మగది కనపడకపోవడానికి కారణం అదే, పారిపోయి కాదు. పొదగడంలో మగది పాలు పంచుకోవడం ఈ జాతిలో నమోదైన విషయమే. పిల్లలు పుట్టాక మేత తేవడంలో అది తప్పకుండా కనిపిస్తుంది. గూడు వదిలిన పిల్లలకి కూడా ఇంకొన్ని రోజులు మేత పెడుతుంది. కొన్నిచోట్ల ఇంకో ఆడపిట్టో, ముందటి ఈతలో పుట్టిన పిల్లో కూడా మేత తెచ్చి సాయపడటం చూశారు. కాబట్టి మీ బాల్కనీలో ఉన్నది ఒంటరి తల్లి కాదు. రెండు వారాలు ఓపిక పట్టండి. వీపు ముదురు ఎరుపు, పొట్ట పసుపు, తల మీద పచ్చని మెరుపు ఉన్న పిట్ట ముక్కున సాలీడు కరుచుకుని మీ తీగ మీద వాలుతుంది.

మీ రెండో ఫొటోలో గూడు దగ్గరగా ఉంది. దానికి ఒక పక్కన ద్వారం, ద్వారం మీద చిన్న చూరు. ఎండా వానా నేరుగా లోపలికి పడకుండా ఆ చూరు తనే కట్టుకుంది. బయట వేలాడే ఎండాకుల తుక్కు, బెరడు ముక్కలు, గొంగళిపురుగుల పెంట చూసి మీ అత్తగారు చెత్త అనుకున్నారని రాశారు. అనుకోవాలనే అలా కట్టింది, ఆవిడ తప్పేమీ లేదు. కాకికీ జెముడుకాకికీ కూడా అది గాలికి చిక్కుకున్న చెత్తలాగే కనిపించాలి. లోపల మాత్రం జిల్లేడు దూది మెత్తగా పరిచి ఉంటుంది. గుంటూరులో మిర్చి యార్డుకి దగ్గర్లో ఉండే ఒక బంధువుల ఇంట్లో, ఖాళీ అయిన గూడుని చేతిలోకి తీసుకుని చూశాను. బయట సాలెదారంతో అతికించిన ఎండుమిర్చి తొక్క ఒకటి, గోరంత ముక్క, ఇంకా ఎర్రగానే ఉంది. లోపల జిల్లేడు దూదితో పాటు జిన్నింగ్ మిల్లు పత్తి పోగులు. ఊరు దేనికి పేరుపడిందో ఆ పిట్ట గూటిలో అదే కనిపించింది.

గూడు ఎందుకు కదపకూడదో నా అనుభవం చెబుతాను. ఇది రాయడం నాకు తేలిక కాదు. చాలా ఏళ్ళ క్రితం మేముండే చోట మీలాగే రంగులు వేయిస్తున్నారు. మా వరండా తీగకి గూడు, లోపల వారం వయసున్న రెండు పిల్లలు. పనివాళ్ళు వచ్చేశారు. నేను జువాలజీ చదివినవాణ్ణి, నాకు తెలుసనుకున్నాను. తీగతో సహా జాగ్రత్తగా కత్తిరించి, పన్నెండు అడుగుల దూరంలో ఉన్న జామచెట్టుకి కట్టాను. నీడ బాగుంది, ఎత్తూ అంతే. తల్లి సాలీడు పట్టుకుని వచ్చింది. గూడు ఇదివరకు ఉన్న ఖాళీ చోటుకి వచ్చింది. గాలిలో అక్కడే రెక్కలాడించింది, మేకు మీద వాలింది, మళ్ళీ ఎగిరింది. జామచెట్టులో పిల్లలు కిచకిచమంటూనే ఉన్నాయి. అది ఆ సాలీడుని చాలాసేపు ముక్కునే పెట్టుకుని తిరిగింది. సాయంత్రం దాకా వస్తూనే ఉంది, ప్రతిసారీ ఆ మేకు దగ్గరికే. చీకటి పడే వేళకి నేను గూడుని తిరిగి పాత చోటే కట్టాను. తెల్లారేసరికి పిల్లలు రెండూ పోయాయి.

తల్లి తన గూడు ఎక్కడుందో ఆ చోటుని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. మనం మెరుగైన చోటనుకునేది దాని లెక్కలో లేనే లేదు. ఆ రోజు పనివాళ్ళని ఒక్క మూడు వారాలు ఆగమని అడిగి ఉంటే సరిపోయేది. నేను అడగలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

మనిషి చెయ్యి తగిలితే వాసనకి తల్లి వదిలేస్తుందని అందరూ అంటారు. అది నిజం కాదు. కానీ పదే పదే దగ్గరికి వెళ్ళడం, సెల్‌ఫోన్ ద్వారంలో పెట్టి లోపలికి ఫొటో తీయడం, రాత్రి లైటు వేసి చూడటం వల్ల అది బెదిరి, పొదిగే దశలో గుడ్లు వదిలేసే ప్రమాదం ఉంది. మీ మూడో ఫొటో బాగా దగ్గర నుంచి తీశారు. ఇక అలా వద్దమ్మా. కిటికీ అద్దం వెనక నుంచి చూడండి, హాయిగా కనిపిస్తుంది.

లెక్క వేద్దాం. ఈ జాతిలో గుడ్లు పెట్టడానికి కొన్ని రోజుల ముందే తల్లి రాత్రిపూట గూటిలో పడుకోవచ్చు. కాబట్టి రెండు రోజులుగా కూర్చుందంటే గుడ్లు పెట్టి ఉండవచ్చు, ఇవాళో రేపో పెట్టనూవచ్చు. పొదగడానికి 14 నుంచి 16 రోజులు. పిల్లలు ఎగరడానికి సుమారు 17 రోజులు. ఒక రెండు మూడు రోజులు అటూ ఇటూ వేసుకున్నా ఐదు వారాల్లో తేలిపోతుంది. పొదిగే రోజుల్లో తల్లి మాటిమాటికీ లేచి వెళ్తుంది, దానికీ ఆకలి ఉంటుంది కదా. గూడు ఖాళీగా ఉందని కంగారు పడకండి. ముక్కున పురుగుతో వచ్చి లోపలికి తల పెట్టడం మొదలైందంటే పిల్లలు పుట్టినట్టు. వెళ్ళేటప్పుడు ముక్కున తెల్లటి ముద్ద కరుచుకుపోతే అది పిల్లల రెట్ట. గూటికి దూరంగా పారేసి వస్తుంది.

ఎండ గురించి మీ భయం సరైనదే. పడమటి బాల్కనీ, విజయవాడ ఎండ. ఈ లెక్కన పిల్లలు ఎగిరే వయసుకి వచ్చేసరికి రోహిణి కార్తె దగ్గర పడుతుంది. గూడు మందంగా ఉంటుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది. కానీ మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ నేరుగా గూటి మీద పడుతుంటే, బాల్కనీ గ్రిల్‌కి బయటి వైపు గ్రీన్ నెట్ కట్టండి. గూటికి కనీసం నాలుగైదు అడుగుల దూరం ఉండాలి, తల్లి వచ్చే దారికి అడ్డు రాకూడదు. ఏ వైపు నుంచి వస్తుందో ఒక పూట గమనించి ఆ వైపు పూర్తిగా వదిలేయండి. పొద్దున్నే, అది మేతకి వెళ్ళినప్పుడు, రెండు మూడు విడతల్లో కట్టండి. ఒక్కో విడత ఐదు నిమిషాలు దాటకూడదు. కట్టాక లోపలికి వచ్చి తలుపేసుకుని చూడండి. అరగంటలో అది మామూలుగా గూటిలోకి దూరకపోతే నెట్ తీసేయండి. గూటి మీద నీళ్ళు చల్లడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. దూది తడిస్తే పిల్లలకి ముప్పు.

పంచదార నీళ్ళు అక్కర్లేదు. అమెరికాలో హమ్మింగ్‌బర్డ్‌ల కోసం పెట్టేవాళ్ళు ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్ళు కలుపుతారు, రంగు వేయరు, తేనె కలపరు, వేడి రోజుల్లో తరచూ మార్చి సీసా కడుగుతారు. మన ఎండకి ఆ నీళ్ళు ఒక్క రోజులో పులుస్తాయి. చీమలు పట్టి, తీగ వెంబడి గూటి దాకా పాకితే రెక్కలు రాని పిల్లల్ని బతకనివ్వవు. మందార, నూరువరహాలు, అడ్డసరం, దానిమ్మ, అరటి పువ్వు ఏది దగ్గర్లో ఉన్నా తేనెకి లోటు లేదు. మీ కింద మందార ఉందన్నారు కదా, సాయంత్రం దాని ఆకులు తడిసేలా నీళ్ళు కొట్టండి. తేనెపిట్టలు తడి ఆకుల మీద ఒళ్ళు రాసుకుని స్నానం చేస్తాయి. దానికి మీరు చేయగల పెద్ద ఉపకారం అదే.

ఇంకొకటి, ఇల్లాళ్ళకి కష్టంగా అనిపించే మాట. ఈ ఐదు వారాలూ బాల్కనీలో, మెట్ల దగ్గర బూజు దులపకండి. ఆ బూజే దాని దారం, ఆ సాలీళ్ళే రేపు పిల్లల అన్నం. బాల్కనీలో దోమల స్ప్రే, కుండీల మీద పురుగుమందు పూర్తిగా ఆపండి. బట్టలు వేరే చోట ఆరేసుకోండి. పిల్లి వచ్చే దారి ఉంటే మూసేయండి. తొండ తీగ మీదికి పాకుతుంటే కర్రతో గోడని తట్టి అదిలించండి, చాలు.

ఎప్పుడైనా పిల్ల కింద పడితే, ఒంటి మీద ఈకలు లేకపోతే మెల్లగా తీసి గూటిలోనే పెట్టండి. ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, ఎగరబోయి పడినదైతే దగ్గర్లోని కుండీ మొక్క కొమ్మ మీద కూర్చోబెట్టి దూరం వెళ్ళండి. పిలుపు విని పెద్దవి వస్తాయి. పాలు, బ్రెడ్డు, అన్నం మెతుకులు పెట్టకండి. పిల్ల తల్లికంటే పెద్దగా ఎదిగి ఇంకా నోరు తెరుస్తుంటే ఆశ్చర్యపోకండి. బూడిద రంగు పొట్ట ఉండే ఒక చిన్న కోకిల ఈ గూళ్ళలో గుడ్డు పెట్టి పోతుంది. అప్పుడూ ఏమీ చేయనక్కర్లేదు.

ఓనరు గారితో మాట్లాడేటప్పుడు జాలితో మొదలుపెట్టకండి, తేదీతో మొదలుపెట్టండి. ఫలానా తేదీ దాకా ఈ ఒక్క బాల్కనీ ఆపితే చాలు, మిగతాది వేయించుకోండి అనండి. ఎంతకాలమో తెలియనప్పుడే మనుషులు ఒప్పుకోరు. అవసరమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు, గూళ్ళు పాడుచేయడం నేరమని మర్యాదగా చెప్పండి. లోపలి గదుల్లో రంగు వేసే రోజుల్లో బాల్కనీ తలుపు మూసి ఉంచండి, వాసన, దుమ్ము అటు పోకుండా.

పిల్లలు ఎగిరిపోయాక కూడా వెంటనే గూడు తీసేయకండి. పాత గూటినే మళ్ళీ వాడుకోవడం వీటిలో ఉంది, వానాకాలంలో ఇంకో ఈత పెట్టవచ్చు. ఓనరు ఒప్పుకుంటే ఇంకో రెండు వారాలు చూసి, అటువైపు ఏ పిట్టా రావడం లేదని ఖాయం చేసుకున్నాక బాల్కనీకి రంగు వేయించుకోండి. మగది మొదటిసారి మేతతో వచ్చిన రోజు ఇక్కడ ఒక్క మాట రాయండి, ఆ తేదీని బట్టి పిల్లలు ఎప్పుడు ఎగురుతాయో లెక్క చెబుతాను.